పోశెట్టి ఈసీజీకి నేను పెట్టిన పేరు

రెండు వేల ఇరవై అయిదు, వానకాలం. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖాన, దాని మెట్ల కింద నా నెట్‌వర్క్ గది. గది అంటే పెద్దగా ఊహించుకోవద్దు. నా పొట్ట లోపలికి పోవాలంటే సర్వర్ బయటికి రావాలె. అందులోనే ఇరవై ఏండ్లుగా తీగలు కలుపుతున్న.

ఆ ఏడు మా దవాఖాన ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ అవతల టవర్ అందని ఊర్లకు వైద్యం బండి పంపుడు మొదలుపెట్టింది. బండి నెత్తిన డిష్. కింది కక్ష్యలో తిరిగే ఉపగ్రహాలు దానికి ఇంటర్నెట్ ఇస్తయి. అవి ఒక్కచోట నిలవవు. పెండ్లి బంతిలో వడ్డించేటోళ్ల లెక్క ఒకటి దాటిపోంగనే డిష్ వెనకొచ్చేదాన్ని పట్టుకోవాలె. ఈ మార్పును హ్యాండోవర్ అంటరు.

దానికి తోడు ప్రయోగంగా కంటెంట్ సెంట్రిక్ నెట్‌వర్క్ పెట్టినం. మామూలు ఇంటర్నెట్‌లో ఫలానా అడ్రసుకు పోయి వస్తువు తెమ్మంటం. ఇందులో వస్తువు పేరు చెప్పి అడుగుతం. దారిలో ఎవరి దగ్గర కాపీ ఉంటే వాళ్లే ఇస్తరు. పేర్లు పెట్టే పని నాకు అప్పజెప్పిండ్రు. ఇంట్లో ముగ్గురు పిల్లలకు పేరు పెట్టేటప్పుడు నన్ను ఒక్కరూ అడగలే, ఆ కసంతా ఇక్కడ తీర్చుకున్న. మన దిక్కు మనిషి ఎదురైతే మొదలు అడిగేది 'ఏ ఊరు?' అనే కదా. అందుకని ముందు ఊరు, తర్వాత మనిషి, ఆఖరికి పరీక్ష. బండి ఏ ఊర్లో ఉంటే ఆ ఊరి పేరుతో అడిగినవి దాని దగ్గరికి పోవాలె. నా భుజం నేనే చరుచుకున్న.

ఒకనాడు పొద్దున బండిలోని నర్సు రూతమ్మ సిస్టర్ ఫోన్ చేసింది. "సార్, పోశెట్టి బాపు ఈసీజీ డాక్టరమ్మ చూసిందా?"

"రాలే సిస్టర్."

"గంటయింది తీసి. ఛాతీల బరువంటుండు, చెమటలు పడుతున్నయి."

పోశెట్టి పత్తి రైతు. తన ఊర్లో ఈసీజీ తీయించుకొని, పక్క ఊర్లో ఉన్న బిడ్డ ఇంటి కాడ దిగుతనని బండెక్కిండు. ఇప్పుడు బండి రెండు తొవ్వల కాడ ఆగింది. ఒకటి బిడ్డ ఊరికి, ఒకటి ఆదిలాబాద్ పెద్దాసుపత్రికి. అక్కడ ఫోనుకు ఒక్క గీత సిగ్నల్; మాట పోతది, ఫోటో పోదు.

ఈసీజీ కోసం నా గది గుమ్మం కాడికొచ్చి నిలబడ్డ డాక్టరమ్మ ఆదిలాబాద్ తీసుకపొమ్మంది. పోశెట్టి గొంతు వినబడ్డది. "గీతలు చూడకుంటనే చెప్పుడేంది? పోయినసారి గిట్లనే ఉరికిచ్చి, గ్యాసని తిప్పి పంపిండ్రు. చూసి చెప్తే పోత. లేకుంటే దిగుత."

"దిగితే నీ బిడ్డకు చెప్త బాపు," అంది సిస్టర్.

"చెప్పు. దానికి నేను భయపడ్తనా?" అన్నడు కానీ, దిగలే.

నేను హ్యాండోవర్ తప్పిందనుకున్న. లైన్ తెగితే మందు సులువు, మళ్లీ అడగాలె. అడిగిన. లక్షసార్లు అడిగిన, తక్కువలో తక్కువ నలభై.

"ఏం పేరుతోని అడుగుతున్నరు సార్?" అంది సిస్టర్.

పోశెట్టి ఊరి పేరుతో మొదలుపెట్టి చదివిన.

"మేము ఆ ఊర్లె లేము గద."

బండి కదిలింది, ఈసీజీ దాంతోనే కదిలింది. నేనేమో ఉట్టి ఊరిని పట్టుకొని అడుగుతున్న.

"వెనకకు రమ్మంటరా? వాగు పొంగుతుంది," అంది సిస్టర్. మళ్లీ తనే, "మా మెథడిస్టు సంఘంల పాస్టరుకు బదిలీ అయితది సార్. ఉత్తరాలు పాత ఇంటికే వస్తయి. ఆడుండే కాపలా తాత కొత్త ఊరు రాసి పంపుతడు. మీ మిషన్లల్ల అసుంటి తాత లేడా?"

లేడు. పెట్టిన. పోశెట్టి ఊరి పేరుతో అడిగినవన్నీ చేరే నేల మీది స్టేషన్ ఒకటుంటది, గేట్‌వే అంటరు. 'వీళ్లు కదిలిండ్రు, ఇటు పంపు' అని అందులో ఒక్క వరుస రాసిన. తొందరల మూడుసార్లు తప్పు కొట్టిన. నాలుగోసారికి గీతలు తెర మీదికొచ్చినయి.

డాక్టరమ్మ రెండు క్షణాలు చూసి ఫోన్ అందుకుంది. "పోశెట్టి, నీ గీతలు నా ముంగటనే ఉన్నయి. ఇది గ్యాస్ కాదు, గుండెకు రక్తం అందుతలేదు."

"చూసినవా?"

"చూసిన."

"అయితే నడువుండ్రి."

బండి ఆదిలాబాద్ తొవ్వ పట్టింది. పోశెట్టి బతికిండు.

అడిగేటోడు కదిలితే మళ్లీ అడిగితే సరిపోతది. వస్తువున్నోడు కదిలితేనే అసలు పరేషాన్. ఈ మాట మా పుస్తకాల్లో ఉంది, నేను చదివిన కూడా. కానీ పేరులో ఊరును ఇరికించొద్దని నాకు తెలిసింది ఆ రోజే. ఆ వారమే పేర్లన్నీ మార్చిన: మనిషికి ఒక నంబరు, దానెనక పరీక్ష, ఊరు లేదు. బండి కదిలితే దారి చెప్పే తాతను ప్రతి గేట్‌వేలో కూర్చోబెట్టిన.

నెల తర్వాత పోశెట్టి తనిఖీ కోసం కరీంనగర్ వచ్చి, నా గదిలోకి తల పెట్టిండు. తలే పట్టింది.

"మీది ఏ ఊరు సారూ?"

నోటిదాకా వచ్చిన ఊరిని మింగి, ముందు నా పేరు చెప్పిన.