కండ్లు మూసుకుని రాసిన సమీక్ష

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. దయ్యాలు లేవనేది ఒకటి, కర్నూలు జిల్లాలో నాకంటే బాగా రాసేవాళ్లు లేరనేది ఇంకొకటి. రెండూ ఒకే మ్యాట్నీలో పోయినాయి. అప్పుడు నేను కర్నూలులో ఒక చిన్న పేపరాఫీసులో ప్రూఫులు దిద్దుతుండేదాన్ని. మా ఎడిటరును అందరం కత్తెర సారు అనేవాళ్లం (పెండ్లిపత్రిక చేతికిచ్చినా రెండు వాక్యాలు కొట్టేసే రకం). వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఇంటింటా చదివిన దయ్యం నవల ఒకటి సినిమాగా వచ్చింది. పెద్ద పేపర్లన్నీ 'నవలలో భయం తెరమీద లేదు' అని ఉతికి ఆరేసినాయి. సారు నన్ను పిలిచి, "నవల నీకు నోటికొచ్చునంట కదమ్మా. చూసి రాసుకొని రా. బాగుంటే ఆదివారం సినిమా పేజీ నీదే. లేకుంటే ప్రూఫులే గతి" అన్నాడు. ఆ పేజీ కోసం నేను రెండేండ్లుగా కాచుకోనుంటి.

మా ఊరు బేతంచెర్లలోనే ఆడుతాంటే, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకొని పోయి కూర్చున్నా. బావిలోంచి చెయ్యి పైకొచ్చేసరికి కండ్లు మూసుకున్నా. తెరిచి పక్కకు చూస్తే, అంతసేపూ ఖాళీగా ఉన్న సీట్లో నెత్తి నుంచి కాళ్లదాకా తెల్లగా, కనురెప్పలు కూడా తెల్లగా, ఒక మనిషి. "పాపా, సినిమా ఏసి శానా సేపయిందా?" అనె. నేను పెట్టిన కేకకు ముందు వరసలో పెద్దాయన చెప్పులొదిలేసి పరిగెత్తినాడు. ఆ తెల్లమనిషి కూడా కుర్చీ ఎక్కి నిలబడి, "యాడ, యాడుండాది?" అని చుట్టూ చూస్తాండాడు. పాపం, ఆయన బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసే అన్న. మొగం కడుక్కుంటే ఆట పోతాదని, షిఫ్టు దిగి ఆ రాతిపొడితోనే వచ్చినాడు (మా ఊర్లో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు, పేపరామెకే గుర్తురాలేదు).

ఇంటర్వెల్ తర్వాత తెరవైపు చూసే ధైర్యం నాకు లేదు. లేచిపోతే పేజీ పోతుంది. చున్నీ మొగానికి కప్పుకొని, "అన్నా, ఏం జరుగుతాందో చెప్పన్నా, రాసుకోవాల" అని బతిమాలుకున్నా. ఆయన చెప్పినాడు చూడండి, అట్లా చెప్పేవాళ్లను నేను మళ్లీ చూడలేదు. "ఆయమ్మ తప్పిపోయిన బిడ్డను ఎతుక్కుంటా మిద్దెక్కుతాండాది పాపా. గాలి లేదు, అయినా తలుపు ఊగుతాండాది. నువ్వు సూడాకు, నేను సూస్తాండా గదా." నేను గుడ్డిగా రాసుకుంటూ పోయినా. చివర్న కొంచెంసేపు ఆగి, "బిడ్డ దొరికిందిలే. తల్లి సంకనేసుకునె. ఇంగ ఏడ్వాకు పాపా" అన్నాడు. నేను ఏడుస్తాండానని నాకు అప్పుడే తెలిసింది.

నవలలో ఆ బిడ్డ చచ్చిపోతుంది. దాన్ని బతికించిన దర్శకుడి మనసు ఎంత గొప్పదో అని పేజీన్నర పొగిడినా. కత్తెర సారు ఒక్క అక్షరం కొట్టేయలేదు. అచ్చయిన మర్నాడు ఆయనే సినిమాకు పోయొచ్చి, "బిడ్డ చచ్చిపాయె గదమ్మా, నువ్వు చూసింది ఏం సినిమా?" అని అడిగినాడు. ఉన్నదున్నట్టు చెప్పేసినా. అద్దాలు తీసి తుడుచుకొని, నా సమీక్షను ఇంకోసారి మొదటి నుంచి చదివినాడు. "సినిమాకంటే ఇదే బాగుండాది. కానీ పేజీ ఇయ్యలేనమ్మా" అన్నాడు. మరుసటి రోజు పేపర్లో సవరణ వచ్చింది: 'బిడ్డ బతికింది అన్నచోట బిడ్డ చనిపోయింది అని చదువుకోగలరు.' దానికి ప్రూఫు దిద్దింది కూడా నేనే.

ఆ పేజీ ఇంకో మూడేండ్లకు గానీ నా చేతికి రాలేదు. ఇప్పుడు ఎంత దయ్యమొచ్చినా కండ్లు తెరుచుకునే చూస్తా, తప్పులు పట్టి రాస్తా. మొన్న ఆ సినిమాను ఫోన్లో మొదటి నుంచి చివరిదాకా చూసినా. పెద్ద పేపర్లు రాసిందే నిజం, భయం లేదు. బిడ్డ చచ్చిపోయింది, నాకు కన్నీళ్లు రాలేదు. పక్కన ఎవరో తెలియని పిల్ల ఏడుస్తాందని ఒక బిడ్డను బతికించిన ఆ అన్న పేరు కూడా నేను అడగలేదు. ఆ పాత సమీక్ష నా దగ్గర ఇంకా ఉంది. సవరణ ప్రకారం దాన్ని చదువుకోవడం మాత్రం ఇప్పటికీ నావల్ల కాలేదు.