అత్త పట్టుకెళ్లిన కార్డు

ఫోన్లో వీడియోలు చూసి టారో కార్డులతో జోస్యం చెప్పడం నేర్చుకున్నాను. నరసరావుపేటలో ఇంకెవరికీ రాదులే అని కాస్త గీర కూడా ఉండేది. మా స్కూల్లో లంచ్ బెల్ కొడితే చాలు, బదిలీ వస్తుందా, పిల్లకి సీటొస్తుందా అంటూ తోటి టీచర్లు నా చుట్టూ చేరేవారు. ఏ కార్డొచ్చినా మంచి వైపుకే తిప్పి చెప్పేదాన్ని. ఎదుటివాళ్ల మొహం చిన్నబోతే చూడలేను. అది నా మంచితనమే అనుకునేదాన్ని. పైగా ప్రశ్న మనసులోనే అనుకోవాలని ఓ నియమం పెట్టాను. అడక్కుండానే జవాబు చెప్తే కదా మన గొప్ప!

ఒక ఆదివారం పక్కింటి అత్త చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. అత్త అనడం పిలుపు వరసకే, చుట్టరికం లేదు. భర్త పోయాక మిషన్ కుట్టుకుంటూ ఒక్కతే ఉంటోంది.

"అమ్మాయ్, నాక్కూడా ఓ కార్డు చెప్పవే. మా పాస్టరుగారికి మాత్రం చెప్పమాక," అంది.

కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ఏదో అనుకుని ఒకటి లాగింది. నాలుగు కత్తుల కార్డు. అందులో చర్చి లోపల రాతి పలక మీద ఒకాయన వెల్లకిలా పడుకుని, చేతులు జోడించుకుని ఉంటాడు.

"తొందరపడొద్దంటోంది అత్తా. కొన్నాళ్లు ఆగు. దానంతటదే సర్దుకుంటుంది," అన్నాను.

"ప్రార్థన చేసుకుంటున్నాడే!" అంటూ ఆమె ఎంత సంబరపడిందో. టీ తాగి, తేలిగ్గా నవ్వుతూ వెళ్లింది. నాకూ ఆ రోజంతా హాయిగా ఉంది.

ఐదు వారాల తర్వాత కార్డులు సర్దుతుంటే ఒకటి తగ్గింది. ఇల్లంతా వెతికి, పిల్లల మీద కేకలేసి, చివరికి ఏ కార్డు లేదో చూసుకుంటే అత్త గుర్తొచ్చింది. వెళ్లి అడిగాను. బైబిలు తెరిచి చూపించింది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక్కొక్కరూ ఒక వాగ్దానం కార్డు తీసి, ఇంటికి తెచ్చి దాచుకుంటారు. అందులో ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన మాట అదే. ఆ వాగ్దానం కార్డు పక్కనే నా కార్డునూ భద్రంగా పెట్టుకుంది.

"చేతికొచ్చింది నాదే కదే. మళ్లీ అడుగుతున్నావేంది?" అని ఆశ్చర్యపోయింది.

"ఇంతకీ ఏం అనుకున్నావత్తా ఆ రోజు?"

గొంతు తగ్గించింది. "రొమ్ములో గడ్డుందే. గుంటూరు పోయి ముక్క పరీక్ష చేయించుకోమన్నారు. పోనా వద్దా అని అడిగా. ఆగమంది గదా, ఆగినా."

ఇంకో కార్డు తీసి, ఇప్పుడు వెళ్లమంటోంది అని చెప్పేద్దామా అనిపించింది. నమ్మేది కూడా. కానీ ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"అత్తా, ఆ కార్డుకేం తెలీదు. నాకసలే తెలీదు. నీ మొహం చూసి, నీకేది నచ్చుతుందో అది చెప్పా."

"మరి అంత ధీమాగా చెప్పావేందే!" అంది. మిషన్ మీదున్న గుడ్డ తీసి, మడిచి పక్కన పెట్టింది. ఆ తర్వాత, "నాకు చానా భయమే. ఒక్కదాన్నే పోలేను," అంది.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, అత్తతో కలిసి గుంటూరు బస్సెక్కాను. అత్తకి ఆపరేషనై, ఇప్పుడు కోలుకుంది. అందుకే ఇది రాసే ధైర్యం చేస్తున్నాను. కానీ ఆ రోజు గుంటూరులో డాక్టరమ్మ గదిలో గడిచిన రెండు నిమిషాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"పరీక్ష చేయించుకోమని చెప్పి ఎన్నాళ్లయింది?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్త నా వైపు చూసింది. నా చేతి మీద చెయ్యేసి, "మొన్ననేనమ్మా, రెండ్రోజులు," అంది.

నన్ను కాపాడుతోంది! తన ఒంటి సంగతి తేలాల్సిన చోట కూడా, నా పరువు పోతుందని అబద్ధం ఆడుతోంది.

"కాదండీ, ఐదు వారాలు దాటింది," అన్నాను. "నేనే ఆగమని చెప్పాను."