చూడ్డానికి సౌండ్ కార్డ్ కొన్న వీరభద్రం అన్న

నిన్న ఆదివారం. పొద్దున టీ తాగుతుంటే జూలూరుపాడు నుంచి ఫోన్. వీరభద్రం అన్న బామ్మర్ది.

"బావ పోయిండు సార్" అన్నాడు. అంతే.

హార్ట్ ఎటాక్ అట. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఖమ్మం ఖానాపురం హవేలిలో మా ఇంటి మెట్ల మీద ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. అందుకే రాస్తున్నాను.

భద్రాచలంలో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా చేసిన ఆఫీసులో వీరభద్రం అన్న టెలిఫోన్ ఆపరేటర్. పుట్టుకతోనే చూపు లేదు. ఎవరి ఎక్స్‌టెన్షన్ ఏదో ఆయన వేళ్లకు తెలుసు. జలుబు చేసి గొంతు మారినా మమ్మల్ని పట్టేసేవాడు.

2007 ప్రాంతంలో ఆ ఫోన్ల బోర్డు పీకేశారు. ఆ సీట్లోకి కంప్యూటర్ వచ్చింది. ఆఫీసర్ చెడ్డవాడేం కాదు, మంచిగానే చెప్పాడు.

"జీతం యాడికి పోదు వీరభద్రం. నువ్వు ఊకె కూసో."

ఆ మాట విన్నప్పటి నుంచి అన్న సరిగ్గా అన్నం తినడం లేదని ఆయన భార్య పద్మ వదిన నాతో చెప్పింది. ఒకరోజు తడుముకుంటూ నా టేబుల్ దగ్గరికే వచ్చాడు.

"గుళ్లె దేవుడే తెల్లారకముందు లేచి డ్యూటీల కూసుంటడు. నేనేంది తమ్మీ, ఊకె కూసునుడు? నాకు కంప్యూటర్ నేర్పు."

స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటే ఆయన పని చేయగలడు. విండోస్‌లో అలాంటిది కొనడం మా ఇద్దరి వల్లా కాదు. విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఫ్రీగా వస్తుంది. సీడీ తెప్పించి ఎక్కించాను.

చదివింది. ఇంగ్లిష్‌లో, ముక్కుతో.

కానీ మదర్‌బోర్డ్‌తో వచ్చిన సౌండ్ పరమ దరిద్రం. ఒకటే గరగర. కొంచెం స్పీడు పెంచితే సగం మాటలు మింగేసేది.

"అడ్జస్ట్ చేసుకో అన్నా" అన్నాను.

"నీ మానిటర్ మీద సగం అక్షరాలు తుడిపేస్తే నువ్వు అడ్జస్ట్ అయితవా?"

మర్నాడే వెతకడం మొదలుపెట్టాను.

లినక్స్‌లో పనిచేసే మంచి సౌండ్ కార్డ్. చెప్పడానికి ఎంత తేలిక. వెతకబోతే తల ప్రాణం తోకకొచ్చింది. ఏ డబ్బా మీద చూసినా విండోస్ పేరే. లినక్స్ అంటే షాపుల్లో "ఏ కంపెనీ సార్?" అని అడిగేవాళ్లు.

ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని లినక్స్ వాడేవాళ్లను అడిగితే ఎవరో పుణ్యాత్ముడు ఒక కార్డ్ పేరు చెప్పాడు. ఖమ్మం పోయి అదే తెచ్చాను. పలకలేదు.

ఎందుకయ్యా అంటే పేరు అదే, డబ్బా అదే, లోపల చిప్ మాత్రం మార్చేశారట. పాత చిప్ అయితే లినక్స్ గుర్తుపడుతుంది, కొత్తదైతే పట్టదు. డబ్బా విప్పితే గానీ ఏదో తెలియదు. షాపువాళ్లు సీల్ విప్పనివ్వరు.

నేను వదిలేద్దామనుకున్నాను. అన్న వదల్లేదు.

"ఈపాలి నేను గూడ వస్త. సీపీయూ గూడ తీస్కపోదాం."

సీపీయూను తెల్ల దుప్పట్లో మూటగట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో ఖమ్మం దాకా వచ్చాడు.

"సీల్ ఇప్పితే మళ్ల ఎవలు కొంటరు సార్" అన్నాడు షాపాయన.

అన్న స్టూల్ లాక్కుని కూర్చున్నాడు. "పుచ్చకాయ కొన్నా తట్టి సూస్తం గద. గిది గూడ ఇప్పి సూపియ్యి."

మధ్యాహ్నం దాకా లేవలేదు. చివరికి షాపాయనే ఈ గోల పడలేక ఒక్కో డబ్బా విప్పాడు. నేను చిప్ మీది సన్న అక్షరాలు చదువుతూ పోయాను. అడుగున దుమ్ము పట్టిన డబ్బాలో దొరికింది.

అక్కడే బిగించి ఆన్ చేశాం. మాట వచ్చింది. గరగర లేదు.

అన్న స్పీడు పెంచాడు. ఇంకా పెంచాడు. నాకూ షాపాయనకూ రేకుల మీద వడగళ్లు పడ్డట్టు వినిపిస్తోంది. ఆయనకు ప్రతి మాటా అర్థమవుతోంది.

"ఇప్పుడు కనవడుతుంది తమ్మీ" అన్నాడు.

భద్రాచలం పోయే బస్సులో తెల్లబట్ట మూట ఒళ్లో పెట్టుకుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు? పక్క సీటు ముసలమ్మ, గోదావరిలో కలపడానికి అస్థికలు తీసుకుపోతున్నాం అనుకుంది. మూటకు దండం పెట్టి మెల్లగా అడిగింది.

"ఎవలు బిడ్డా?"

"నా నౌకరి అమ్మా. సచ్చిపోయిందన్నరు. లేపుకొని పోతున్న."

ముసలమ్మ ఇంకోసారి దండం పెట్టింది. నేను నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

తర్వాత కూడా సుఖం లేదు. కరెంటు పోయి వచ్చిందంటే ఆ మిషన్ కొత్త కార్డ్ వదిలేసి ఒక్కోసారి పాత సౌండే పట్టుకునేది. అన్న సీపీయూ మీద చెయ్యి పెట్టి చూసి నాకు ఫోన్ చేసేవాడు. "ఫ్యాన్ తిరుగుతుంది, మాట వస్తలేదు. జర రా."

తిట్టుకుంటూనే పోయేవాణ్ని. పాత సౌండ్‌ను పూర్తిగా ఆపేశాక గానీ అది కుదుటపడలేదు.

ఆఫీసులో ఇంగ్లిష్ లెటర్లన్నీ ఆయన చేతికొచ్చాయి. తప్పులు నాకంటే తక్కువ. నా కాంట్రాక్టు అయిపోయి నేను ఖమ్మం వచ్చేశాను. ఆయన సీటు ఆయనకుంది.

నిన్న ఆయన సొంతూరు జూలూరుపాడు పోయాను. వాకిలి నిండా జనం. ఆడవాళ్లు వదిన చుట్టూ కూర్చుని ఓదారుస్తున్నారు.

"సూపు లేనోడాయె. ఈ బతుకు బాధ తప్పిందనుకో బిడ్డా" అంటోంది ఒక పెద్దావిడ.

మంచి మనసుతోనే అంటోంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. కాదని చెప్పే ఓపిక లేక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

వదిన తలెత్తింది.

"ఆయనకేం బాధ అత్తా? రేపు డ్యూటీకి పోవాలె అన్నడు. అంగీ ఇస్త్రీ చేసి పెట్టిన."



పోయి రా అన్నా. నీ ప్రాణానికి నిమ్మళం దొరకాలి.