ఎడమ చేతికి తెలియని డబ్బా

మొన్న సోమవారం పొద్దున మా సీతాఫల్‌మండి గల్లీలో బాంబు దొరికిందని మీరూ వినే ఉంటారు. కూర్చోండి, చాయ్ తాగుతూ అసలు సంగతి వినండి. ఆ బాంబు నాదే.

ముందురోజు చర్చిలో పాస్టరయ్యగారు గట్టిగానే చెప్పారు. ప్రార్థన చేసి ఇంటికి పోతే సరిపోదట, పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో చూడాలట. అదీ కుడి చెయ్యి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకుండా. నా గుండెకు తగిలింది. నవాబు రాజ్యాన్ని పడగొట్టి యూనియన్ మిలిటరీ వచ్చినప్పటి నుంచి, ముసల్మాన్లను ఏం చేస్తారోనన్న భయంతో మా పక్కింటి దర్జీ మస్తాన్ దుకాణం తెరవలేదు. భార్య రజియా, ముగ్గురు పిల్లలు తలుపు గడియ తీయలేదు. పొయ్యి పొగ చూసి నాలుగు రోజులైంది.

సరే, రహస్యంగానే ఇద్దామనుకున్నా. ఇంట్లో ఉన్న బిస్కెట్ల డబ్బాలో బియ్యం, కందిపప్పు కూరి, కుక్కలు మూత లాగకుండా ఇనుప తీగతో బిగించా. తెల్లవారుతూనే వాళ్ల గడపలో పెట్టి, తలుపు దబదబా బాది, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఒకటే ఉరుకు. ఈ రోజుల్లో ఎవరైనా అట్లా చేస్తారా? నా ధ్యాసంతా ఎడమ చేతి మీదే ఉండె.

ఇంట్లో మోకరించానో లేదో, బయట గోల.

"ఎవరో డబ్బా పెట్టి ఉరికిండ్రు. తీగ గూడ ఉన్నది," అని కిటికీలోంచి మస్తాన్ అరుస్తున్నాడు. గల్లీ అంతా దూరంగా నిలబడింది. ఒకాయనకు లోపల టిక్‌టిక్‌మని వినిపించిందట. నా కందిపప్పులోంచి. ఎదురింటి రాజయ్య నిండు బకెట్ ఎత్తాడు. "నీళ్లు గుమ్మరిస్తే సల్లబడ్తది. జెర జరుగుండ్రి."

నాదేనంటే రహస్యం పాయె. ఊరుకుంటే పిల్లల తిండి నీళ్లపాలు. ప్రభువా, ఇప్పుడు ఏ చెయ్యి ఎత్తాలి?

"ఆగు రాజయ్యా, నేను తెరుస్త."

"వద్దక్కా, పానం పోతది."

"దేవుడున్నడు," అని పోయి తీగ విప్పా. బియ్యం. "ఏం విశ్వాసం తల్లీ నీది," అని ఒక ముసలామె నా కాళ్లు మొక్కబోయింది. నిజం చెబితే దానం బయటపడుతుంది, చెప్పకపోతే దొంగ ధైర్యం.

అప్పుడు గడియ చప్పుడైంది. రజియా బయటికొచ్చి మూత తిప్పి చూసింది.

"అక్కా, ఇది మా డబ్బానే కద? మొన్న రంజాన్‌కు సేమియా పెట్టి నీకే పంపిన. ఇగో, మా చిన్నోడు గీకిన గీతలు."

"ఖాళీ డబ్బా వాపస్ ఇయ్యొద్దంటరు కద, రజియా," అన్నా, నేల చూస్తూ.

ఆమె కొంగుతో కళ్లొత్తుకుంటూనే నవ్వింది. "పేరు చెప్పి ఇస్తే ఏం పాయె అక్కా? మేం సగం సచ్చినం."

వాకిట్లోంచి మా ఆయన అందుకున్నాడు. "సీతాఫల్‌మండి మొత్తానికి తెలిసిపాయె. ఇగ నీ ఎడమ చేతికొక్కదానికే తెల్వాలె."

మస్తాన్ గురువారం దుకాణం తెరిచాడు. నిన్న రజియా అదే డబ్బా తెచ్చింది, లోపల ఆయన కుట్టిన రవికె. మెల్లగా తలుపు తట్టి, "అక్కా, నేను రజియాను, డబ్బా తెచ్చిన, బాంబు కాదు," అని మూడుసార్లు చెప్పి మరీ ఇచ్చింది.