వాగు పొంగని రోజు

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఎదుటివాళ్లతో వాదించి నెగ్గడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. నేను నోరు తెరిస్తే కాలేజీలో తోటి లెక్చరర్లు ఫోన్లు తీసి చూసుకుంటారు. కూరగాయల బండి దగ్గరైనా, బ్యాంకు క్యూలోనైనా, మా ఆయన ముందైనా తగ్గిన దాన్ని కాను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నాతో నేనే వాదించుకుని, ప్రతిసారీ ఓడిపోతూ వచ్చాను. పేరు రాయను. మాది తిరువూరు. మీకు నేను తెలియను, నాకు మీరు తెలియరు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాసే పని ఉండేది కాదు.

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. వానాకాలం వచ్చిందంటే చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు సగానికి సగం క్లాసుకు వచ్చేవాళ్లు కాదు. అడిగితే ఒకటే జవాబు, వాగు పొంగింది మేడమ్, బస్సు రాలేదు. నిజంగా పొంగిందో, సినిమాకు పోయారో ఎవరు చూడొచ్చారు? ఆ చిరాకులోంచే బాట్ పుట్టింది, అంటే మెసేజీ పెడితే తనంతట తానే జవాబిచ్చే చిన్న ప్రోగ్రాము. మెసేజీలు పంపుకునే యాప్ ఒకదానికి ప్రోగ్రాములు రాసుకోవడానికి లైబ్రరీ దొరుకుతుంది. లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు, ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల కట్ట. అది తెచ్చుకుని, ఏ మాట వస్తే ఏ జవాబు పోవాలో మనం రాసుకుంటే చాలు. విస్సన్నపేట అని పంపితే విస్సన్నపేట బస్సుల వేళలు వచ్చేవి. వాగు అని పంపితే దారి ఉందో లేదో చెప్పేది. వేళలు బస్టాండులో బోర్డు చూసి ఎక్కించాను. వాగు సంగతి మాత్రం వినగడప మీదుగా వచ్చే కండక్టరును రోజూ అడిగి నేనే మార్చేదాన్ని.

దానికి ఒక్కొక్క మాటే అర్థమయ్యేది. ఎవరైనా పెద్ద వాక్యం రాస్తే తెల్లమొహం వేసేది. అలాంటివన్నీ నా ఫోనుకు వచ్చేలా పెట్టుకున్నాను. నేను జవాబు టైపు చేస్తే, అవతలివాళ్లకు బాట్ చెప్పినట్టే వెళ్లేది. మనిషి చెప్పిందని వాళ్లకు తెలిసే దారి లేదు. ఇది తప్పని అప్పుడు నాకు తోచలేదు. గొప్ప తెలివి అనుకున్నాను.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి. అక్క అంటే తోడబుట్టింది కాదు, మా తోటికోడలు. వినగడప దాటాక, వాగుకు అవతల ఒక చిన్న ఊళ్లో బావగారూ ఆవిడా వ్యవసాయం చేసుకుంటారు. అత్తయ్య చాలా ఏళ్లు వాళ్ల దగ్గరే ఉంది. మంచాన పడ్డాక ఎక్కడ ఉంచాలన్న మాట వచ్చినప్పుడు అక్క, ఉద్యోగం చేసేదానికి కుదురుతుందా, ఇక్కడే ఉండనియ్యండి అంది. ఆవిడ మంచికే అన్నదని ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు వినపడింది వేరు. నాకు చేతకాదంటోంది అనుకున్నాను. నలుగురిలో ఆవిడను అనరాని మాటలు అని, పంతం పట్టి అత్తయ్యను తిరువూరు తెచ్చుకున్నాను. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటలు లేవు.

చేశాను. అబద్ధం ఎందుకు, చాకిరీ అంతా చేశాను. పక్క దుప్పట్లు మార్చాను, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టాను, కాలేజీకి వెళ్లే ముందు ఒళ్లు తుడిచాను. అత్తయ్య ముద్ద మింగి గుమ్మం వైపు చూసి, పెద్దమ్మాయి ఏదే, అనేది. అక్కను ఆవిడ అలాగే పిలిచేది. రోజూ. నా చేతి ముద్ద నోట్లో ఉండగానే. మీకైతే ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకు మండేది.

ఆ రోజు సన్నగా ముసురు. అత్తయ్య పొద్దుటి నుంచి నీరసంగా ఉంది. డాక్టరు వచ్చి సెలైన్ పెట్టి, భయం లేదు, నీరసమే అన్నాడు. మా ఆయన అన్నగారికి ఫోను చేశారు. బావగారు పని మీద విజయవాడలో ఉన్నారు, అటు నుంచి అటే వస్తానన్నారు. అక్కను బస్సెక్కి రమ్మని చెప్పారట. మధ్యాహ్నం నా ఫోను మోగింది. బాట్‌కు అర్థం కాని ప్రశ్న. పైన అక్క పేరు. ఆ బాట్ ఆవిడ ఫోనులో ఉందని నాకు తెలుసు, మాటలున్న రోజుల్లో పెట్టింది నేనే. ‘అత్తయ్యకు బాగాలేదంట. నేను తిరువూరు పోవాలి. వాగు మీద బస్సు నడుస్తుందా అమ్మా.’ మిషనును అమ్మా అనే మనిషి ఆవిడ.

బస్సు నడుస్తోంది. పొద్దున కండక్టరు చెప్పాడు, వాగులో మోకాలి లోతు కూడా లేదని.

నేను టైపు చేశాను. ‘వాగు పొంగింది. ఈ రోజు బస్సు లేదు. రేపు ఉదయం చూడండి.’

ఎందుకు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ఒక్క పూట అత్తయ్య నన్ను మాత్రమే చూడాలనా? అక్క వచ్చిన గంటలో ఆవిడ చేతి అన్నం తిని అత్తయ్య లేచి కూర్చుంటే, ఇన్నాళ్ల నా చాకిరీ గంగలో కలుస్తుందనా? డాక్టరు భయం లేదన్నాడుగా, రేపు వస్తుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అక్క పక్కింటివాళ్ల బండి అడగడానికి కూడా మొహమాటపడే మనిషని నాకు తెలుసు. తెలిసే రాశాను. అవతల నుంచి జవాబు వచ్చింది. ‘సరే అమ్మా.’

సాయంత్రం బావగారు వచ్చారు. అత్తయ్య ఆయన్ను చూసి, పెద్దమ్మాయి వచ్చిందా అని అడిగింది. తెల్లవారకముందే పోయింది.

వాకిట్లో జనం చేరుతుండగా నేను పెరట్లోకి వెళ్లాను. బాట్ తాను పంపిన మెసేజీని రెండు రోజుల్లోపు అయితే తానే చెరిపేయగలదు. అవతలి ఫోనులోంచి కూడా పోతుంది. లైబ్రరీలో దానికి ఒకే ఒక్క లైను. క్లాసులో అది చెప్పేటప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ లైను నడిపి, ఫోను కొంగులో చుట్టుకుని, వచ్చి అందరితోపాటు ఏడ్చాను. ఏడుపు నిజమైనదే. అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మొదటి బస్సుకు అక్క వచ్చింది. ఏడవడానికి కూడా ఆవిడకు వ్యవధి ఇవ్వలేదు మా ఆడపడుచు.

“ఇప్పటికి తీరిందా వదినా నీకు?”

“నిన్న వాగు పొంగిందంట కదమ్మా. బస్సు లేదంట.”

“ఏ వాగు? మా ఆయన నిన్న సాయంత్రం ఆ వాగు మీదే బండేసుకొచ్చాడు. చెప్పు తడవలేదు.”

బావగారు తల ఎత్తకుండానే అన్నారు. “రావాలని లేకపోతే లేదని చెప్పాల్సింది. వాగు మీద పెట్టడం దేనికి?”

అక్క నా వైపు తిరిగింది. ఎన్ని నెలల తర్వాతో, నాతో మాట్లాడింది. “నీ ఫోను మిషనే చెప్పింది కదమ్మాయ్. ఉండు, చూపిస్తా.” ఫోను పైకీ కిందికీ జరిపింది. “ఇక్కడే ఉండాలే. నువ్వైనా చెప్పు, అట్లా చెప్పలేదా అది?”

“మిషను అబద్ధం చెప్పదక్కా. చెప్పి ఉంటే అక్కడే ఉండేది గదా,” అన్నాను.

ఫోనులో ఆవిడ ప్రశ్న ఉంది. దాని కింద ‘సరే అమ్మా’ ఉంది. మధ్యలో ఏమీ లేదు. ఆ సరే దేనికని ఒక్కరైనా అడిగి ఉంటే నేను అక్కడే దొరికిపోయేదాన్ని. ఎవరూ అడగలేదు. అడగరా అని గుండె కొట్టుకుంది, అడగకూడదని కూడా కొట్టుకుంది. అందరూ ఆవిడ ముఖమే చూస్తున్నారు. దొంగను చూసినట్టు చూస్తున్నారు.

ఆ తర్వాత నెలకే బాట్ ఆపేశాను. ఆపితే ఏమైంది? ఏటేటా అత్తయ్యకు బట్టలు పెట్టుకునే రోజు వస్తుంది. ఫోటో ముందు కొత్త చీర పెట్టాల్సింది పెద్దకోడలు. మొదటి ఏడే బావగారు ఆ చీర నా చేతికిచ్చారు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. అప్పటి నుంచి పెట్టేదీ నేనే, తర్వాత కట్టుకునేదీ నేనే. ఆ చీరలు కట్టుకుని పాఠాలు చెబుతాను. బాగుంది మేడమ్ అంటారు.

అక్క నన్ను తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని. అలా జరగలేదు. ఆవిడ తనను తాను అనుమానించుకుంది. లేని మాట ఉన్నట్టు కనపడిందేమో అనుకుంది. విస్సన్నపేట వెళ్లి కళ్లు చూపించుకుంది. ఏ లోపమూ లేదని చెప్పారట, నమ్మలేదు. ఇప్పుడు కరెంటు బిల్లు మెసేజీ వచ్చినా, బ్యాంకు మెసేజీ వచ్చినా, దాని ఫోటో తీయించి నాకు పంపుతుంది. నువ్వు చదువుకున్నదానివి, ఒకసారి చూసి చెప్పమ్మాయ్ అంటుంది. చూసి చెబుతాను. అది తప్ప ఇంకేం చేయగలను? చెబుదామని రెండు మూడుసార్లు వాళ్ల ఊరు బయలుదేరాను. ప్రతిసారీ ఆవిడ ఎదురొచ్చి నా చేతిలో సంచి అందుకుంది, నా నోరు పడిపోయింది. ఊరందరి మీదా లేచే ఈ నోరు.

చెబితే ఏమవుతుంది? బావగారు ఇన్నేళ్లు ఆవిడతో పొడిగా మాట్లాడిన మాటలు వెనక్కి వస్తాయా? అత్తయ్య అడిగిన దానికి జవాబు దొరుకుతుందా? నేను ఆవిడకు అక్కరకొచ్చే చెల్లెలిని కూడా కాకుండా పోతాను, ఆవిడకు నమ్మకంగా చదివిపెట్టే మనిషి ఉండదు. ఇలా వాదిస్తాను. ఇది వాదన కాదని, పిరికితనానికి వేసిన ముసుగని కూడా నాకు తెలుసు. తెలిసీ ఏమీ చేయలేకపోతున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించడానికి ఇది మీది కాదు.

ఎక్కడో ఒకచోట ఈ నాలుగు మాటలు నా చేత్తో రాసి ఉండాలనిపించింది, అంతే. వాగు పొంగలేదు. బస్సు వచ్చింది, ఆవిడ ఎక్కకుండానే వెళ్లింది. ఆ జవాబు ఆ ఫోనులో ఉండేది, రాసింది నేను, చెరిపింది నేను. ఆవిడ కళ్లు బాగానే ఉన్నాయి. ఉన్నదే చదివింది.

రాశాను. గొంతులో కాస్త ఊపిరి ఆడుతోంది.