సరిత సైకిల్‌కు దొరికిన అరుగు

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, దబీర్‌పురాలో నేను పనిచేసే చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ ముందు, సరిత సైకిల్ దిగబోతూ కుడికాలు వెనక్కి లేపింది. కాలు సీటు దాటకముందే ఆమె ముఖం పాలిపోయింది. ప్రమాదం ఉందని నాకు తెలిసింది ఆ క్షణంలోనే. పరుగెత్తి నడుము పట్టుకున్నాను. అంతకుముందే గల్లీలో రెండు చుట్లు నవ్వుతూ తొక్కి వచ్చిన మనిషి!

"చూసినవా? నేను చెప్పలే?" అంది బెంచీ మీద ఐదు నెలల మనవణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమె అత్తగారు రుక్కమ్మ. "డాక్టరమ్మా, ఈ సైకిల్ పాత సామాన్లు కొనేటోనికి ఇచ్చేస్త. ఇగ లొల్లి వద్దు."

"ఇయ్యకు అత్తమ్మా, నీకు దండం పెడ్త," అంది సరిత. కళ్లలో నీళ్లు నొప్పికి వచ్చినవి మాత్రమే కావు.

వాళ్లకు బేగంబజార్‌లో తాతల నాటి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. గోదాము ఉస్మాన్‌గంజ్‌లో. పెళ్లయినప్పటి నుంచి పొద్దున గోదాము తాళం తీయడం, గిరాకీ అడిగిన సామాను దుకాణానికి తేవడం సరిత పని. తోపుడుబళ్ల మధ్య స్కూటీ కదలదు కాబట్టి సైకిల్ మీదే తిరిగేది. కడుపుతో ఉండగా నొప్పి మొదలయ్యాక తాళంచెవి మరిది చేతికి పోయింది. కాన్పు తర్వాత కూడా తిరిగి రాలేదు. "సైకిల్ పోతే చావి పోతది మేడం. ఇగ వంటింట్లనే ఉండాలె," అని మొదటిరోజే చెప్పింది.

ఆమెది పెల్విక్ గర్డిల్ పెయిన్. కటి ఎముకలు ఉంగరంలా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు ఆ కీళ్ల పట్టు సడలి, బరువు రెండు వైపులా సరిగా పంచుకోలేక కొందరికి నొప్పి పుడుతుంది. చాలామందికి కాన్పు తర్వాత తగ్గుతుంది, కొందరికి కొన్నాళ్లు వెంట ఉంటుంది. యాక్టివ్ స్ట్రెయిట్ లెగ్ రైజ్ అని ఒక పరీక్ష చేస్తాం. వెల్లకిలా పడుకుని ఒక్కో కాలు జానెడు ఎత్తాలి. మొదట్లో సరితకు కుడికాలు సీసం పోసినట్టు బరువుగా ఉండేది. వ్యాయామాలతో అది తేలికపడ్డాక, కాన్పు చేసిన డాక్టర్ కూడా సరేనన్నాకే, ముందు క్లినిక్‌లోని కదలని సైకిల్ మీద, ఆ తర్వాత గల్లీలో తొక్కించాను.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది కడుపులో ఉన్నప్పుడు ఇదే నొప్పితో మంచం మీద పక్కకు ఒత్తిగిల్లలేక ఏడ్చినదాన్ని. పైగా నాకు భయం పాలు ఎక్కువ. ఇంకో ఏడాది సైకిల్ ముట్టుకోవద్దని చెప్పేస్తే నాకు ఏ చింతా ఉండేది కాదు. కానీ తొక్కినంతసేపు ఆమెకు నొప్పి రాలేదు. ఒంటికాలి మీద ఆగి రెండోది దూరంగా లేపినప్పుడే వచ్చింది. అది అడ్డకడ్డీ ఉన్న మగవాళ్ల సైకిల్. వెనక మూట కడితే కాలు ఇంకా పైకి లేపాలి. ఆడవాళ్ల సైకిల్ కొనమన్నాను. అదీ అయిందట, స్టీలు డబరా గిన్నెల బరువుకు క్యారియర్ వంగిపోయిందట.

వారం తర్వాత వాళ్ల దుకాణానికి వెళ్లాను, ఆమె ఎక్కడ ఎక్కుతుందో ఎక్కడ దిగుతుందో చూద్దామని. రుక్కమ్మ చాయ్ తెప్పించింది. ఎదురు దుకాణం ముందు హమాలీలు తోపుడుబండిని వెనక్కి తోసి రాతి అరుగుకు ఆనించారు. బస్తాలను ఎత్తకుండా బండి మీద నుంచి అరుగు మీదికి జరిపారు. ఆ వీధిలో ప్రతి దుకాణానికీ మోకాలెత్తు అరుగు ఉంది.

"గోదాముకు కూడా గిట్లనే అరుగు ఉంటదా అమ్మా?" అని అడిగాను.

"లేకుంటే మాల్ ఎట్ల దించుతరు?"

సరితను వాళ్ల దుకాణం అరుగు మీద నిలబెట్టి, సైకిల్‌ను పక్కకు తెచ్చి ఆమె వైపు వంచాను. అడ్డకడ్డీ కిందికి దిగింది. మోకాలు మడిచి, సీటు ముందు నుంచి కాలు అవతల పెట్టింది. దిగేటప్పుడు కూడా అంతే. ముఖంలో నొప్పి జాడ లేదు.

"బస్తాకున్న సుఖం మనిషికి లేకపాయె ఇన్నొద్దులు," అంది రుక్కమ్మ.

"అంటే నేను బస్తానా అత్తమ్మా?"

"బస్తా గిన్ని మాటలు మాట్లాడదు బిడ్డా."

కొన్ని వారాలు దుకాణం తెరవకముందు అలా ఎక్కి దిగడమే సాధన. ముందు ఖాళీ సైకిల్‌తో, తర్వాత చిన్న మూటతో. దసరా దాటాక ఒక పొద్దున, తోపుడుబళ్లు రాకముందే, నన్ను ఉస్మాన్‌గంజ్ రమ్మన్నారు. సరిత సైకిల్ మీద వస్తోంది, వెనకే ఆటోలో పిల్లవాణ్ని ఎత్తుకుని రుక్కమ్మ. "మెల్లగ! గుంత ఉన్నది!" అని ఆమె అరుపులు ముందే వినిపించాయి. సరిత అరుగు పక్కన ఆపి, సైకిల్ వంచి, దిగింది. నేను ఊపిరి వదిలాను.

మరిది తాళం తీయబోయాడు. రుక్కమ్మ ఆటోలో నుంచే కేకేసింది: "ఏయ్, చావి వదినెకియ్యిరా. నువ్వు పోయి దుకాణంల గల్లా మీద కూసో." సరిత తాళం తీసింది. రుక్కమ్మ నా పక్కకు వచ్చి మెల్లగా అంది, "నా కొడుకులు పుట్టినప్పుడు నాకు గిట్లనే నొచ్చేది. ఓర్సుకోమన్నరు. గంతే."

నొప్పి అనగానే ఆ పనే మానుకోమనడం నాలాంటి భయస్థురాలికి సులువు. ఏ కదలిక నొప్పి పుట్టిస్తోందో దగ్గరుండి చూస్తే, మానుకోవాల్సింది చాలా కొంచెమేనని సరిత దగ్గర నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున మా పెద్దది పక్కింటి పిల్ల సైకిల్ అడిగి తెచ్చుకుని గుమ్మంలో నిలబడింది. "అమ్మా, వద్దనకు. ఒక్క రౌండ్." చిన్నది దాని గౌను పట్టుకుని వెనకే ఉంది. పడితే ఎలా అన్న మాట నాలుక చివరికి వచ్చి ఆగింది.

"తొక్కుదురు గాని," అన్నాను, "ముందుగాల దిగుడు నేర్పిస్త. ఇద్దరు చెప్పులేస్కోండి."