సూది విరూపాక్ష

జహీరాబాద్ బస్టాండ్ పక్కన ప్రైవేటు దవాఖానల విరూపాక్ష అని కంపౌండర్ ఉండేటోడు. బీదర్ బస్సు ఆగంగనే ఎదురువోయి, పెండ్లికొచ్చిన సుట్టాల తీరు రోగులను చెయ్యివట్టి దించుకునేటోడు. కన్నడపోళ్లకు కన్నడం, మనోళ్లకు మన మాట. సూది ఏసినంక ఆడ ఉఫ్ అని ఊదుతుండె గూడ! ఓపారి హైదరాబాద్ నుంచి ఆఫీసరు తనిఖీకొచ్చిండు. ఆయన సంతకం పెడితెనే దవాఖాన నడుస్తది, లేకుంటె తాళమే. "బాగ సూస్తున్రని చెప్పున్రి" అని విరూపాక్ష రోగులందరికి నేర్పిండు. బీదర్ ముసల్ది మహాదేవమ్మ ఇంటదా? "ఏం బాగ, సారూ? బస్సుల నడుమిరగ్గొట్టుకోని వస్తె సూదే ఏయలే. జలుబే గద, ఉడుకునీళ్లు తాగి పండుకో అన్నడు మీ డాక్టరు!" విరూపాక్ష మొకం తెల్లవోయింది. ఆఫీసరేమో పకపక నవ్వి, "ఉత్తగ సూదులు పొడవని దవాఖాన ఇయ్యాల్నే సూసిన" అని సంతకం పెట్టిండు. అందరు సంబురపడ్డరు. ముసల్ది సూది లేకుంటనే పోతున్నదని విరూపాక్ష పానమే ఊకోలే. బీదర్ బస్సెన్క ఉరికి, కిటికీకాడ చేతులు జోడించిండు.

"అజ్జీ, మల్ల మనకాడికే రావాలె."

"సూది ఏస్తవా?"

"డాక్టరుకు ఎరుక గాకుంట ఏస్త, తల్లీ!"